డీఎక్స్7కు నోట్లు పోతున్నయి, సిసెక్స్ పోతలేదు: లోపం ఎక్కడ?

హన్మకొండ_కీస్:
అన్నలకు నమస్తే. నా దగ్గర యమహా డీఎక్స్7 సింథసైజర్ (సింథ్) కీబోర్డు ఉన్నది, 1983ల వచ్చిన మొదటి మోడల్. విండోస్ 10 లాప్‌టాప్, మిడి (వాద్యాలు, కంప్యూటర్ ఒకదానికొకటి సందేశాలు పంపుకునే పద్ధతి) డేటా చూసే, పంపే మిడి-ఆక్స్ సాఫ్ట్‌వేర్. మధ్యల తక్కువ ధర యూఎస్‌బీ-మిడి కేబుల్, వైరు నడుమ చిన్న డబ్బీ ఉండే రకం.

వాయిస్తే కంప్యూటర్‌ల నోట్లు కనవడుతున్నయి. కంప్యూటర్ నుంచి నోట్లు పంపితే డీఎక్స్7 మోగుతున్నది. డీఎక్స్7 నుంచి 32 వాయిస్‌ల డంప్, అంటే వాటి డేటా మొత్తం సిసెక్స్ (ఆ కంపెనీ సింథ్‌కే ప్రత్యేకమైన మిడి సందేశం) రూపంల, తీస్తే 4104 బైట్లు పూర్తిగ వచ్చినయి. కానీ రోమ్ 1ఏ బ్యాంకు (యమహా ఇచ్చిన 32 వాయిస్‌ల సెట్టు) ఫైలు అటు పంపితే వాయిస్‌లు మారుతలేవు. ఒక్కోసారి సింథ్ తెరమీద చెక్‌సమ్ (డేటా సరిగ వచ్చిందా అని చూసే లెక్క) ఎర్రర్ వస్తున్నది. మెమరీ ప్రొటెక్ట్ ఇంటర్నల్ ఆఫ్ చేసిన, సిస్ ఇన్ఫో (సిసెక్స్ రాకపోకలకు అనుమతి) అవైల్‌ల పెట్టిన. బతుకమ్మ పాటల రికార్డింగ్‌కు ఆ ఎలక్ట్రిక్ పియానో, బ్రాస్ కావాలె. సింథ్ లోపల మిడి సంకేతం అందుకునే ఆప్టోకప్లర్ అనే భాగం పోయింది, మార్చాలె అంటున్నరు. సింథ్ విప్పాల్నా?

కాజీపేట_సోల్డర్:
విప్పకు తమ్మీ. ఆప్టోకప్లర్ పోతే నోట్లు కూడ లోపలికి పోవు. నోట్లకూ సిసెక్స్‌కూ దారి ఒక్కటే, అదే మిడి ప్లగ్గు 4, 5 పిన్నులు.

నువ్వు చెప్పిన చెక్‌సమ్ ఎర్రరే అసలు గుర్తు. అది వచ్చిందంటే డీఎక్స్7 హెడర్‌ను (సందేశం మొదట్ల ఉండే గుర్తింపు బైట్లను) గుర్తుపట్టింది, ఛానెల్ కలిసింది, డేటా తీసుకోవడం మొదలుపెట్టింది, నడుమల ఎక్కడనో బైట్లు పోయినయి లేదా చెడినయి. ఇక సింథ్ సెట్టింగుల జోలికి పోవద్దు, కేబుల్ మీద దృష్టి పెట్టు.

ఎందుకు పోతయంటే: మిడి వేగం సెకనుకు 31250 బిట్లు. ఒక బైటుకు స్టార్ట్, స్టాప్ కలిపి 10 బిట్లు, అంటే సెకనుకు 3125 బైట్లే. నోట్ ఆన్ 3 బైట్లు, ఒక మిల్లీసెకండ్‌ల పోతది. బ్యాంకు 4104 బైట్లు, దానికి 1.3 సెకన్లు తప్పకుండ పడుతది. యూఎస్‌బీ అంతకన్న ఎన్నో రెట్లు వేగంగ డేటాను డబ్బీలకు తోస్తది. మంచి ఇంటర్‌ఫేస్ అయితే లోపల నిండంగనే "ఆగు" అని కంప్యూటర్‌కు చెప్తది. తక్కువ ధర కేబుళ్లల్ల కొన్ని అది చెప్పవు, నిండినంక వచ్చినయన్నీ పారేస్తయి. అటు నుంచి ఇటు వచ్చేటప్పుడు వేగాన్ని నిర్ణయించేది సింథే కాబట్టి నీ డంప్ పూర్తిగ వచ్చింది. రాక బాగుండి పోక చెడితే పది సార్లల్ల తొమ్మిది సార్లు కారణం ఇదే.

మిడి-ఆక్స్‌ల సిసెక్స్ కాన్ఫిగర్ తెరువు. లో లెవెల్ అవుట్‌పుట్ బఫర్ (ఒక్కసారి పంపే డేటా ముక్క) సైజు 64 బైట్లు పెట్టు. బఫర్ల మధ్య డిలే 40 మిల్లీసెకండ్లు. 64 బైట్లు వైరు మీద పోవడానికి సుమారు 20.5 మిల్లీసెకండ్లు పడుతది, రెట్టింపు ఇస్తే కేబుల్‌కు ఊపిరి దొరుకుతది. మొత్తం 65 బఫర్లు, సుమారు 2.6 సెకన్లల్ల అయిపోతది. 256 బైట్ల బఫర్, 60 డిలే పెట్టి "పెట్టినా పనిచేస్తలేదు" అనేటోళ్లు చానా మంది. 256 బైట్లకే 82 మిల్లీసెకండ్లు కావాలె, 60 ఎట్ల సరిపోతది?

పంపినంక పేర్లు చూసి ఊకోకు. రోమ్ 1ఏ అయితే 1ల బ్రాస్ 1, 11ల ఈ.పియానో 1 కనవడాలె. ఆపైన ఆ బ్యాంకునే తిరిగి డంప్ తీసి, రెండు ఫైళ్లను బైటు బైటుకు పోల్చు. ఒక్క తేడా ఉన్నా కేబుల్ నమ్మదగింది కాదు.

ఓరుగల్లు_ట్రాక్స్:
కాజీపేట అన్న చెప్పింది సరైనదే. సింథ్ లేకుండ కేబుల్‌ను ఒక్కదాన్నే పరీక్షించే పద్ధతి కూడ ఉన్నది. డిన్ ప్లగ్, అంటే గుండ్రటి మిడి ప్లగ్గుల నట్టనడుమ పిన్ను 2, దానికి అటూ ఇటూ ఉన్నవి 4, 5. కేబుల్ రెండు ప్లగ్గులనూ ఎదురుగ పట్టుకొని, 4ను 4కు, 5ను 5కు రెండు సన్న వైర్లతో కలుపు. మిడి-ఆక్స్ నుంచి ఆ ఫైలు పంపు, అదే వెనక్కి రావాలె. 4104 వస్తే కేబుల్ మంచిది. తక్కువ వస్తే కేబులే దొంగ. వైర్లు తారుమారైతే ఏమీ రాదు, ఏమీ కాలదు కూడ, మార్చి కలుపు.

ఇంకోమాట. ఎర్రరే లేకుండ సింథ్ ఉలుకు పలుకు లేకుంటే, అది వేరే సంగతి. ఫైల్ మొదట్ల హెక్స్ (16 ఆధారంగ రాసే) అంకెలల్ల ఎఫ్‌0 43 00 09 20 00 ఉంటది. మూడో బైటు ఛానెల్: 00 అంటే 1, 01 అంటే 2. డీఎక్స్7 రిసీవ్ ఛానెల్ దానితోని కలవకుంటే మొత్తం డంప్‌ను వదిలేస్తది. ఫంక్షన్ నొక్కి 8 నొక్కితే మిడి ఛానెల్ కనవడుతది, 1 చెయ్యి. లేకుంటే హెక్స్ ఎడిటర్‌ల, అంటే ఫైల్ బైట్లను మార్చే సాఫ్ట్‌వేర్‌ల, ఆ బైటు మార్చు. చెక్‌సమ్ 4096 డేటా బైట్లకే లెక్క కట్టింది, హెడర్ మారితే అది మారదు.

హన్మకొండ_కీస్:
64, 40 పెట్టంగనే రోమ్ 1ఏ ఎక్కింది, తిరిగి తీసిన డంప్ బైటుకు బైటు కలిసింది. ధన్యవాదాలు అన్నా. ఇంకో ఫైలు మాత్రం ఏమీ అంటలేదు, దాని సైజు 4096. మరో తిప్పలు: వాయిస్ బటన్ నొక్కితే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ల ప్రోగ్రామ్ చేంజ్ (వాయిస్ మారిందని చెప్పే మిడి సందేశం) పడుతలేదు.

ఓరుగల్లు_ట్రాక్స్:
4096 అంటే ఉత్త డేటానే, మిడి హెడర్ లేదు. ముందట ఎఫ్‌0 43 00 09 20 00 ఆరు బైట్లు, చివర చెక్‌సమ్, ఎఫ్‌7 కలపాలె. చెక్‌సమ్‌కు 4096 బైట్లనూ కూడు, 128తోని భాగిస్తే మిగిలిన శేషాన్ని 128ల నుంచి తీసెయ్యి. శేషం సున్న అయితే చెక్‌సమ్ కూడ సున్ననే. మొత్తం 4104 కావాలె.

ప్రోగ్రామ్ చేంజ్ సంగతి: సిస్ ఇన్ఫో అవైల్‌ల ఉన్నన్ని రోజులు బటన్ నొక్కిన ప్రతిసారి డీఎక్స్7 ప్రోగ్రామ్ చేంజ్ బదులు 163 బైట్ల వాయిస్ డేటా పంపుతది. ఫంక్షన్‌ల 8ని రెండోసారి నొక్కి అన్‌అవైల్ చెయ్యి. డంప్ పని ఉన్నప్పుడే అవైల్ పెట్టుకో.

కాజీపేట_సోల్డర్:
ఇంకా రెండు. ఈ మోడల్ ఛానెల్ 1 మీదనే పంపుతది, రిసీవ్ ఛానెల్ ఏది పెట్టినా సరే. ట్రాక్ ఇన్‌పుట్ 1 లేదా ఆల్ పెట్టు. ఆక్టివ్ సెన్సింగ్ అనే, కనెక్షన్ ఇంకా ఉన్నదని చెప్పే ఎఫ్‌ఈ బైటు ఎడతెగకుండ వస్తుంటది, మిడి-ఆక్స్‌ల దాన్ని ఫిల్టర్ చేస్తే చూసేది తేటగ కనవడుతది.

లోపలి మెమరీని కాపాడేది సీఆర్2032 సెల్, 3 వోల్టులు, బోర్డుకు సోల్డర్ చేసి ఉంటది. ఇన్నేండ్లల్ల మార్చకుంటే ఎప్పుడైనా పోతది, వాయిస్‌లన్నీ చెత్త అయితయి. మార్చే ముందు డంప్ తీసి రెండు చోట్ల దాచు. హోల్డర్ పెట్టించు, మళ్ల సోల్డర్ అవసరం పడదు. ఆ హోల్డర్ హైదరాబాద్ కోఠిల దొరుకుతది. విప్పేముందు వెనక పట్టీ మీద వోల్టేజ్ చదువు. జపాన్ నుంచి వచ్చినదైతే 100 వోల్టులు ఉంటది, నేరుగ మన 230ల పెడితే పవర్ సప్లై పోతది. అటువంటిదానికి 230 నుంచి 100కు దించే ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.