పింక్ ఫ్లాయిడ్ పాటల నడుమ నిశ్శబ్దం: లోపం ఫైళ్లదా, ప్లేయర్‌దా?

పాతక్యాసెట్:
మిత్రులకు నమస్కారం. కాలేజీ రోజుల్లో క్యాసెట్ అరిగిపోయేదాకా విన్న ఇంగ్లిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్‌ను, ఫోన్ వచ్చాక ఏ పాట కనబడితే ఆ పాటను విడివిడిగా వినడం అలవాటై, దాదాపుగా మరచిపోయాను. ఈ మధ్య ఇంటర్నెట్ లేని చిన్న మ్యూజిక్ ప్లేయర్ కొని, నా సీడీలను ఎంపీ3లుగా మార్చి అందులో వేసుకున్నాను. వారి ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరిదాకా వింటే ఆ బృందం నాకు మళ్లీ దక్కినట్లయింది. అయితే ఒక పాట మరొక పాటలోకి జారే ప్రతిచోటా క్షణకాలం నిశ్శబ్దం వస్తోంది. ‘ఆన్ ది రన్’ చివరి మోత సద్దుమణగకముందే తెగిపోయి, ఆ తర్వాత ‘టైమ్’ మొదలవుతోంది. క్యాసెట్‌లో ఈ బాధ లేదు. లోపం ఎక్కడ ఉన్నట్లు?

చెవులపిల్లి:
కొంత ఫైళ్లది, కొంత ప్లేయర్‌దండీ. ఎంపీ3 పద్ధతి శబ్దాన్ని 1,152 శాంపిళ్ల (శబ్దం నుంచి క్షణక్షణం తీసే కొలతల) ముక్కలుగా, అంటే సీడీ లెక్కన సుమారు 26 మిల్లీసెకన్ల చొప్పున కోస్తుంది. పాట సరిగ్గా ముక్క చివర ముగియదు కాబట్టి మిగిలిన చోటును నిశ్శబ్దంతో నింపుతుంది. మొదట్లోనూ కొంత చేరుతుంది. లేమ్ వంటి ఎన్‌కోడర్లు, అంటే ఎంపీ3లు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు, ఆ అదనపు భాగం ఎంతో ఫైలులోనే రాసిపెడతాయి గానీ, దాన్ని చదివి కత్తిరించవలసింది ప్లేయరే. ఐపాడ్ 2001లో వచ్చినా, పాటలను ఖాళీ లేకుండా కలిపి వినిపించే సదుపాయం దానికి 2006 సెప్టెంబరులో గాని రాలేదు. నాణ్యత తగ్గకుండా శబ్దాన్ని కుదించే ఫ్లాక్ పద్ధతిలో ఈ అదనపు నిశ్శబ్దమే ఉండదు. అయినా తర్వాతి ఫైలును ముందుగా తెరిచి ఉంచుకోని ప్లేయర్ అక్కడా తడబడుతుంది. సెట్టింగ్స్‌లో ‘గ్యాప్‌లెస్’ (ఖాళీ లేకుండా) అని ఉందేమో చూడండి. మీ ప్లేయర్‌లో దాని సొంత సాఫ్ట్‌వేర్‌కు బదులు రాక్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకునే వీలుంటే ఇంకా మంచిది.

రెండోవైపు:
ఈ పట్టింపు నాకు కొంచెం అతిగా తోస్తుంది. 1973లో ఈ ఆల్బమ్ ఎల్పీ రికార్డు కొన్నవారందరూ ‘ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై’ అయ్యాక లేచి రికార్డు తిప్పినవారే; మీ క్యాసెట్టూ అంతే. హెడ్‌ఫోన్లలో ‘ఆన్ ది రన్’ అడుగుల చప్పుడు ఒక చెవి నుంచి మరో చెవికి పరుగెత్తడం ముందు అర సెకను ఖాళీ ఒక లెక్కా? అబీ రోడ్ స్టూడియోలో ఇంజనీరుగా ఉన్న అలన్ పార్సన్స్ ‘టైమ్’ మొదట్లో మోగే గడియారాలను పాత గడియారాల దుకాణంలో ఒక్కొక్కటిగా రికార్డు చేశారు. ఇన్నాళ్లూ ఫోన్ స్పీకర్‌లో వినిపించనివి ఇలాంటి సూక్ష్మాలే.

పాతక్యాసెట్:
రెండోవైపు గారూ, రికార్డు తిప్పే విరామం బృందానికి తెలిసినదే, దాన్ని బట్టే పాటలను పేర్చుకున్నారు. నడుమ తెగడం వారు కోరినది కాదు. 1975 నాటి ‘విష్ యూ వర్ హియర్’ ఆల్బమ్‌లో ‘హావ్ ఎ సిగార్’ చివర సంగీతమంతా ఒక్కసారిగా చిన్న రేడియోలోకి కుంచించుకుపోయి, అక్కడి నుంచే తర్వాతి పాట పుడుతుంది. అక్కడ ఖాళీ వస్తే ఆ చమత్కారమే పోతుంది. చెవులపిల్లి గారూ, నా ప్లేయర్‌లో గ్యాప్‌లెస్ లేదు, రాక్‌బాక్స్ దానికి లేదు.

చెవులపిల్లి:
అలాగైతే సీడీ మొత్తాన్ని ఒకే ఫైలుగా తీసి, పాటలు మొదలయ్యే సమయాలు రాసి ఉండే ‘క్యూ షీట్’ అనే చిన్న టెక్స్ట్ ఫైలు జత చేయండి. ప్లేయర్ క్యూ షీట్‌ను గుర్తించకపోతే నచ్చిన పాటకు నేరుగా వెళ్లలేరు, అంతే.