డాట్ ప్రాడక్ట్ లూప్: ఏవీఎక్స్2 వాడినా వేగం రావట్లేదు

ప్రశ్న: డాట్ ప్రాడక్ట్ (రెండు శ్రేణుల విలువలను జతలుగా గుణించి కూడటం) కోసం ఏవీఎక్స్2 (ఒకేసారి 8 ఫ్లోట్లపై పనిచేసే ప్రాసెసర్ ఆదేశాలు) వాడుతున్నాను. రెండు శ్రేణులు, ఒక్కోదానిలో 2048 ఫ్లోట్లు (దశాంశ సంఖ్యలు), అంతా ప్రాసెసర్‌కి అతి దగ్గరి మెమరీ అయిన ఎల్1 క్యాష్‌లోనే ఉంది. ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్‌లో ఒక్కో ఎఫ్ఎంఏకి (గుణించి కూడే ఒకే ఆదేశం) 4 సైకిళ్లు పడుతోంది. ఎందుకు?

జవాబు: అక్యుములేటర్ (మొత్తాన్ని కూడబెట్టే చోటు) ఒక్కటే పెట్టి ఉంటారు. ప్రతి ఎఫ్ఎంఏ ముందుదాని ఫలితం కోసం ఆగాలి, ఆ ఆగే సమయమే, అంటే లేటెన్సీ, 4 సైకిళ్లు. సైకిల్‌కి రెండు మొదలవగలవు కాబట్టి 8 అక్యుములేటర్లు పెట్టి, లూప్ అయ్యాక కలపండి. పాత ఇంటెల్ హాస్వెల్‌లో లేటెన్సీ 5, అక్కడ 10.

జవాబు: లెక్క సరైనదే కానీ ఇక్కడ ఒక్కో ఎఫ్ఎంఏకి రెండు లోడ్లు (మెమరీ నుంచి విలువలు తెచ్చుకోవడం) కావాలండీ. సైకిల్‌కి రెండు లోడ్లే కుదురుతాయి, అంటే ఒక్క ఎఫ్ఎంఏనే. కాగితం మీద 4 అక్యుములేటర్లు చాలు. షెడ్యూలింగ్ తడబాట్లకు 8 మేలు. ఏవీఎక్స్2లో రిజిస్టర్లు (ప్రాసెసర్ లోపల విలువలు ఉంచే అరలు) 16 మాత్రమే, మరీ పెంచితే విలువలు మెమరీలోని స్టాక్‌లోకి పోతాయి.

జవాబు: ఆర్మ్64 ప్రాసెసర్లలో ఏవీఎక్స్2 లాంటిదైన నియాన్‌లో రిజిస్టర్లు 32, కానీ ఒక్కోదానిలో 4 ఫ్లోట్లే. కూడిక వరుస మారితే చివరి బిట్లు మారతాయి, అందుకే జీసీసీ కంపైలర్ ఫాస్ట్-మ్యాథ్ (ఖచ్చితత్వ నియమాలు సడలించే ఆప్షన్) అడగనిదే ఇలా విడగొట్టదు. పరీక్షల్లో సమానత్వం కాదు, టాలరెన్స్ (అనుమతించే చిన్న తేడా) చూడండి.