పేల్ ఏల్ బీరులో అట్ట వాసన: పాతబడిందా, మాల్టేనా?

బరంపురంలో మేం కొందరం అమెరికన్ పేల్ ఏల్ రుచి చూసి మార్కులు వేయడం నేర్చుకుంటున్నాం. బీజేసీపీ (బీరు జడ్జీలకి పరీక్షలు పెట్టే సంస్థ) పద్ధతిలో 50కి వేస్తాం: వాసనకి 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకి 5, మొత్తంమీద 10.

నిన్నటి సీసా రంగు లేత బంగారం, తెల్లటి నురుగు చక్కగా నిలిచింది. చేదూ బాగుంది. కానీ కాస్కేడ్ రకం హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పువ్వులు) ఇచ్చే పంపరపనస వాసన దాదాపు లేదు. చల్లదనం తగ్గేకొద్దీ తేనె, తడిసిన అట్టముక్క వాసన పైకొచ్చింది. షాపులో ఎండాకాలమంతా ఫ్రిజ్ బయటే ఉన్న సరుకు, ఆక్సిడేషనే (ఆక్సిజన్ తగిలి పాతబడటం) అని నా గట్టి అనుమానం. మా అన్నయ్య మాత్రం మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) తీపే అంటాడు.

ఈ రెంటినీ నాలుక మీద ఎలా విడదీస్తారు? మార్కులు వాసనలోనే కోయాలా, రుచిలోనూ కోయాలా? అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి.