మూడు నెలలకు రెస్క్యూ కుక్క ఫోస్టర్: మొదటి రెండు వారాలు ఎలా గడపాలి?

మియాపూర్_ఫ్లాట్

అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం ఒక ఇండీ (మన నాటు జాతి) ఆడకుక్కను ఫోస్టర్‌కి, అంటే శాశ్వతంగా పెంచుకునేవాళ్లు దొరికేదాకా చూసుకోవడానికి, తెచ్చుకుంటున్నాం. వయసు ఏడాదిన్నర ఉండొచ్చన్నారు, బరువు 13 కిలోలు. బండి గుద్ది వెనక కాలు విరిగితే ప్లేటు వేశారు, ఇప్పుడు నడుస్తోంది. యాంటీ రేబిస్ ఒక డోసు పడింది. స్టెరిలైజేషన్ కాలేదంటున్నారు. మాది మూడో అంతస్తు, రెండు బెడ్‌రూముల ఫ్లాట్. ఆరేళ్ల బాబున్నాడు, వేరే కుక్కల్లేవు. ఏమేం సిద్ధం చేసుకోవాలి? మొదటిరోజు నుంచే బయట తిప్పొచ్చా? తిండి ఎంత పెట్టాలి?

లీష్_వదలకండి

ముందు రెస్క్యూ వాళ్లతో మూడు విషయాలు వాట్సాప్‌లో రాతపూర్వకంగా తేల్చుకోండి: వెట్ (పశువైద్యుడి) బిల్లులు ఎవరివి, అర్ధరాత్రి అవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి, మూడు నెలలకీ ఇల్లు దొరక్కపోతే కుక్క ఎక్కడికి వెళ్తుంది. ఫోస్టర్లు మధ్యలో వదిలేసేది ఎక్కువగా ఇవి తేలకపోవడం వల్లే, కుక్క వల్ల కాదు.

ఇక బయట తిప్పడం. ఫోస్టర్ కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా మొదటి వారంలోనే. భయపడ్డ కుక్క ముందుకు లాగదు. ముందుకాళ్లు నేలకు తన్నిపెట్టి, తల దించి, వెనక్కి గుంజుతుంది. ఇండీలకు తల సన్నం, మెడ దాదాపు అంతే లావు. మామూలు బెల్టు చెవుల మీదుగా జారి మీ చేతిలో మిగులుతుంది. అందుకే లాగితే బిగిసే మార్టింగేల్ కాలర్ ఒకటి, నడుము దగ్గర రెండో పట్టీ ఉన్న హార్నెస్ (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీలు) ఒకటి, రెండింటికీ వేర్వేరు లీష్‌లు (పట్టుకునే తాళ్లు). కాలర్ కింద రెండు వేళ్లు దూరాలి, మూడోది దూరకూడదు. మీ ఫోన్ నంబరున్న బిళ్ల ఆదివారం కారెక్కించేముందే మెడలో ఉండాలి.

మొదటి మూడు రోజులు సెల్లార్‌లోనో, కాంపౌండ్‌లో ఒక మూలనో ఐదు నిమిషాల చొప్పున రోజుకి నాలుగైదు సార్లు దింపితే చాలు. పార్కులు, చుట్టాలు, స్నానం ఏవీ వద్దు. ఒకటి రెండు రోజులు తినకపోవడం, 12 గంటలు మూత్రం ఆపుకోవడం భయంతో జరిగేవే. నీళ్లు కూడా ముట్టకపోతే మాత్రం వెట్‌కి చూపించండి.

ఒక గది దానికే ఇవ్వండి. మన ఫ్లాట్లలో టైల్స్ జారతాయి. ప్లేటు వేసిన కాలు పక్కకు జారితే చేసిన ఆపరేషన్ పాడవుతుంది. గదిలో, తలుపు దాకా రబ్బరు మ్యాట్లు పరవండి. సోఫా ఎక్కనివ్వొద్దు, మెట్లు వద్దు, లిఫ్టే. బాల్కనీ గ్రిల్ సందులో దాని తల పడుతుందంటే ఒళ్లూ పడుతుంది, ముందే నెట్ కట్టించండి.

అసోసియేషన్ వాళ్లు అభ్యంతరం చెబితే, భారత జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాలు చూపించండి. మెజారిటీ తీర్మానంతో కూడా పెంపుడు కుక్కల్ని నిషేధించడానికి లేదు.

వెట్_వైజాగ్

పైవారు చెప్పినవి పోను ఆరోగ్యం మిగిలింది కాబట్టి అది చెబుతాను.

చెవి చివర కత్తిరింపు ఉందేమో చూడండి. ఉంటే ఏబీసీ (వీధికుక్కల సంతాన నియంత్రణ కార్యక్రమం) కింద స్టెరిలైజేషన్ అయిపోయి ఉండొచ్చు, మళ్లీ పొట్ట కోయించే ముందు వెట్‌తో నిర్ధారించుకోండి. కింద రక్తం కనిపిస్తే అందరూ హీట్ (ఎదకు రావడం) అనుకుంటారు. హీట్ దాదాపు మూడు వారాల్లో ముగుస్తుంది. ఆపైనా చుక్కలు పడుతుంటే, లోపల కాలీఫ్లవర్ లాంటి కండ కనిపిస్తే టీవీటీ అనే, జతకట్టినప్పుడు అంటుకునే గడ్డ కావచ్చు. వీధికుక్కల్లో ఇది మామూలే. వారానికొకటి చొప్పున విన్‌క్రిస్టిన్ (క్యాన్సర్ మందు) ఇంజక్షన్లతో చాలావరకు పూర్తిగా తగ్గిపోతుంది. ఆ సంగతి తెలియక వదిలేసిన కుక్కలను చూస్తే బాధేస్తుంది.

రేబిస్ బూస్టర్ తేదీ టీకా పుస్తకంలో చూసుకోండి. డిస్టెంపర్, పార్వో, లెప్టో జబ్బులకు కలిపి ఇచ్చే టీకా వేయించండి, లెప్టోకి 2 నుంచి 4 వారాల తేడాతో రెండు డోసులు తప్పవు. నులిపురుగుల మందు బరువును బట్టే.

పిడుదులు (కొన్నిచోట్ల గోమార్లంటారు) చెవుల లోపల, వేళ్ల సందుల్లో, తోక కింద వెతకండి. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగి స్పిరిట్‌లో వేయండి. కిరోసిన్ పూయొద్దు, చేత్తో నలపొద్దు. అవి గోడ పగుళ్లలో గుడ్లు పెడతాయి కాబట్టి ఒక్క కుక్కకే మందు వేస్తే ఇంట్లోవి మళ్లీ ఎక్కుతాయి. పిడుదుల మందుల్లో బ్రావెక్టో మాత్ర 12 వారాలు, నెక్స్‌గార్డ్ నెల రోజులు పనిచేస్తాయి.

కుక్కకు మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. 103 దాటితే చిగుళ్లు చూడండి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో గులాబీరంగు తిరిగి రావాలి. పాలిపోయి ఉంటే ఆరోజే సీబీసీ (రక్తకణాల పరీక్ష) చేయించండి. ప్లేట్‌లెట్లు పడిపోతే పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ అనుమానించాలి. కాలు నొప్పికి, జ్వరానికి ఇంట్లో ఉన్న పారాసెటమాల్, బ్రూఫెన్ ఎట్టి పరిస్థితుల్లోనూ వేయొద్దు.

తిండి: డ్రై ఫుడ్ అయితే రోజుకు 170 నుంచి 200 గ్రాములు, రెండు పూటలుగా. ఇంటి తిండైతే ఎముకలేని చికెన్ 150 గ్రాములు, అన్నం 250 గ్రాములు, కాస్త గుమ్మడికాయ. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా. ఉడికించిన చికెన్ ఎముకలు చీలి పేగులో గుచ్చుకుంటాయి. షెల్టర్‌లో పెట్టిన తిండిని ఒక్కసారి మారిస్తే విరేచనాలే, వారం రోజులు కలుపుతూ మార్చండి.

మియాపూర్_ఫ్లాట్

చాలా థాంక్సండీ. చెవి సంగతి మాకసలు తెలియదు, ఇప్పుడే అడిగాను. బాబు విషయం ఎవరైనా చెప్తారా? అడాప్షన్‌కి ఫోన్లు వస్తే ఏం అడగాలి?

లీష్_వదలకండి

బాబుకి మూడు నియమాలు: తినేటప్పుడు, పడుకున్నప్పుడు ముట్టుకోకూడదు, మెడ చుట్టూ చేతులు వేసి హత్తుకోకూడదు, దాని గదిలోకి ఒక్కడే వెళ్లకూడదు. కుక్క మూతి నాక్కుంటూ, ముఖం తిప్పేసుకుని, కళ్ల తెలుపు చూపిస్తుంటే ఇక చాలని చెబుతున్నట్టు. గుర్రుమంటే తిట్టొద్దు. గుర్రుమనడం మాన్పిస్తే హెచ్చరిక లేకుండా కరుస్తుంది. పంటి గాటు పడితే సబ్బుతో ధారగా పదిహేను నిమిషాలు కడిగి, అదేరోజు ఆసుపత్రికి. ఒక డోసు పడిన కుక్కే కదా అని ఆగొద్దు.

ఫోన్లు వస్తే: సొంతిల్లా, అద్దా, ఓనరు ఒప్పుకున్నారా? ఇంట్లో అందరికీ ఇష్టమేనా? రోజుకు ఎన్ని గంటలు ఒంటరిగా ఉంటుంది? రాత్రి ఎక్కడ పడుకుంటుంది? “గేటు దగ్గర కట్టేస్తాం” అంటే అక్కడితో మర్యాదగా ముగించండి. ఇల్లు చూడకుండా ఇవ్వొద్దు. ఒప్పందంలో స్టెరిలైజేషన్ గడువు, కుదరకపోతే వేరేవాళ్లకి కాకుండా మీకే తిరిగివ్వాలన్న మాట, రెండు వారాల ట్రయల్ ఉండాలి.

ఫోటోలు దాని కళ్ల ఎత్తులో కూర్చుని, పగటి వెలుగులో తీయండి. కాలు సంగతి దాచొద్దు, నడిచే వీడియో పెట్టండి. ఉరుములకు భయపడుతుందా, పిల్లుల్ని తరుముతుందా, అన్నీ రోజూ రాసిపెట్టుకోండి. దానికి ఏ ఇల్లు సరిపోతుందో మీ కంటే బాగా ఎవరూ చెప్పలేరు. దీపావళి వారంలో మాత్రం అప్పగించకండి, టపాసులకు బెదిరి కొత్త వీధిలో పారిపోతే దొరకదు.

ఇచ్చేరోజు టీకా పుస్తకం, ఎక్స్‌రేలు, వారానికి సరిపడా అదే తిండి, దాని పక్క గుడ్డ పంపండి. గుడ్డ ఉతక్కండి, ఆ వాసనే దానికి తోడు.