బాల్ ఒకటి, పరిగెత్తింది ముగ్గురం: సెకండ్ బేస్ మనిషి ఎటు వెళ్ళాలి?

బెళ్లందూరు అక్క:
మా ఆఫీసు వాళ్ళం ఆదివారం పొద్దున్నే సర్జాపూర్ రోడ్డు పక్కన ఒక ఖాళీ స్థలంలో సాఫ్ట్‌బాల్ ఆడతాం, బేస్‌బాల్ లాంటిదే. కొట్టినవాడు ఫస్ట్, సెకండ్, థర్డ్ బేస్‌లు చుట్టి, బ్యాటు పట్టిన చోటికి, అంటే హోమ్‌కి, తిరిగొస్తే ఒక రన్. తొమ్మిదిమందిలో ఏడుగురం చిన్నప్పట్నుంచీ క్రికెట్ ఆడినవాళ్ళమే. నాది సెకండ్ బేస్, అంటే ఫస్ట్‌కీ సెకండ్‌కీ మధ్య కాపలా.

మొన్న ఫస్ట్ బేస్ మీద వాళ్ళ రన్నర్ ఉండగా బాల్ ఔట్‌ఫీల్డ్‌లో, అంటే బేస్‌ల వెనకున్న మైదానంలో, సెంటర్‌కీ రైట్‌కీ మధ్య సందులోకి లేచింది. సెంటర్‌లో ఉన్న హుబ్బళ్ళి అబ్బాయి నాదని కన్నడంలో "నందు" అన్నాడు. రైట్‌లో లక్నో అతను "మేరా" అన్నాడు. వెనక్కి పరిగెడుతూ నేను "నాది" అన్నాను. చివరికి ఎవరిదీ కాలేదు, కంచె దాకా దొర్లింది. తీసి విసిరేసరికి సెకండ్ బేస్ ఖాళీ, మధ్యలో అందుకునే మనిషి లేడు. కొట్టినవాడు కూడా హోమ్‌కి వచ్చేశాడు. సెకండ్‌కీ థర్డ్‌కీ మధ్య ఉండే మా షార్ట్‌స్టాప్ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని నన్నే చూస్తున్నాడు. తప్పు నాదా, ఆయనదా?

ఇందూరు షార్ట్‌స్టాప్:
అక్కా, నేను నిజామాబాద్ దిక్కు స్కూల్ల ఆరేండ్లు షార్ట్‌స్టాప్ ఆడిన. ఇద్దరిదీ తప్పే, ఆయనది జర ఎక్కువ. బాల్ కుడిదిక్కు పోతే నువ్వు బయటికి పోవాలె, ఆయన వచ్చి సెకండ్ బేస్ మీద నిలవడాలె. ఎడమదిక్కు పోతే ఉల్టా.

కానీ నువ్వు పోయేది బాల్ పట్టనీకి కాదు. బాల్ తీసేటోనికీ, త్రో పోవాల్సిన బేస్‌కూ నడుమ దారం గుంజినట్టు ఒక్క గీత మీద నిలవడి, రెండు చేతులు లేపి ఒర్లాలె. వాడు నీ ఛాతీకి వేస్తడు, నువ్వు మర్రి వేస్తవ్. అంత దూరంకెల్లి ఒక్కటే పొడుగు త్రో వేస్తే బాల్ ఎటో పోతది. పిచర్, అంటే బాల్ వేసేటోడు గూడ ఊకె నిలవడొద్దు, త్రో థర్డ్‌కు వస్తదా హోమ్‌కు వస్తదా చూసి దాని వెనకాల్కి ఉరకాలె.

ఇగ ఆ మూడు భాషల లొల్లి. ఔట్‌ఫీల్డ్‌ల సెంటర్ పిలిస్తే పక్కోళ్ళు తప్పుకోవాలె. ఔట్‌ఫీల్డర్ పిలిస్తే నువ్వు తప్పుకోవాలె, ఎందుకంటే ఆయన ముందుకు ఉరుకుతడు, బాల్ కండ్ల ముందే ఉంటది. నువ్వు మెడ తిప్పుకొని వెనకకు ఉరకాలె. మాట మాత్రం అందరికీ ఒక్కటే పెట్టుకోన్రి, కన్నడమైనా సరే.

మా పీఈటీ సార్ బాల్ లేకుండనే గంటసేపు ఉరికిచ్చెటోడు. "రైట్‌కు పోయింది" అని అరిస్తే తొమ్మిదిమందిమి ఎవరి జాగకు వాళ్ళం ఉరకాలె. కదలకుండ నిలవడ్డోనికి గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు. అప్పుడు తిట్టుకున్నం.

మడివాళ మిడాఫ్:
క్రికెట్ వాళ్ళకి ఇంకో జబ్బుంది, నాకూ ఉండేది. మన పిచ్ 66 అడుగులు, ఇక్కడ బేస్‌కీ బేస్‌కీ మధ్య 60. పైగా కొట్టినవాడు వద్దనుకుని ఆగిపోవడానికి లేదు, పరిగెత్తాల్సిందే. బాల్ ఆపి, దుమ్ము దులుపుకుని, చూసి విసిరేలోపు చేరిపోతాడు. రైట్ ఫీల్డర్‌కి పని తక్కువ అనుకుని కొత్తవాళ్ళని అక్కడ పెడతారు. ఇన్‌ఫీల్డ్‌లో, అంటే బేస్‌ల చుట్టుపక్కల, నేల బాల్ పడ్డ ప్రతిసారీ అతను ఫస్ట్ బేస్ వెనక్కి పరిగెత్తాలి, త్రో దాటిపోతే ఆపడానికి. కీపర్ చేతికి త్రో వస్తుంటే వెనక ఒకడు నిలబడతాడే, అదే పని.

బెళ్లందూరు అక్క:
భోజనాల బల్ల మీద తొమ్మిది స్టీలు గ్లాసులు పెట్టి ఆడి చూశాను, ఇప్పుడు అర్థమైంది. మా ఆయనకి మంచినీళ్ళకి గ్లాసు లేకుండా పోయింది, అది వేరే సంగతి. ఇంకో రెండు అనుమానాలు. బంట్ చేస్తే, అంటే బ్యాటు అడ్డంగా పెట్టి బాల్‌ని మెల్లగా ముందు పడేస్తే, నేను ముందుకే పరిగెడుతున్నాను, అది కూడా తప్పేనా? మా టీములో చురుకైన కుర్రాడొకడు ఎడమచేత్తో విసురుతాడు. అతన్ని షార్ట్‌స్టాప్ చేద్దామంటున్నారు.

ఇందూరు షార్ట్‌స్టాప్:
తప్పే అక్కా. బంట్‌కు ఫస్ట్ బేస్ ఆయన, థర్డ్ బేస్ ఆమె ముందుకు ఉరుకుతరు. మరి ఫస్ట్ బేస్ మీద ఎవరుండాలె? నువ్వే. బ్యాటు అడ్డం తిరిగిందంటే చాలు, నువ్వు ఫస్ట్ దిక్కు కదలాలె.

ఎడమచేతి పిల్లగాన్ని షార్ట్‌స్టాప్ల పెట్టకున్రి. బాల్ పట్టినంక ఫస్ట్‌కు వేయాలంటే ఒళ్ళు మొత్తం తిప్పాలె, గా లోపల రన్నర్ చేరిపోతడు. ఫస్ట్ బేస్‌కు పంపున్రి. గ్లవ్ కుడిచేతికి ఉంటది గదా, ఇన్‌ఫీల్డ్ దిక్కే ఉంటది, సెకండ్‌కు వేయనీకి గూడ తిరగనక్కర్లే.