సమస్య: «కుట్టు విప్పగానె కుదిరె నంగి»

దారపుండ (నిర్వహణ):

ఈసారి సమస్య మన చేతిపని నుంచే తీసుకున్నాను. ఎప్పటిలాగే చివరి పాదం నాది, దానికి అతికేలా ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. సాయంత్రమైతే మిషను ముందు కూర్చునేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు కదా. పాదం ఇది:

కుట్టు విప్పగానె కుదిరె నంగి

ఆటవెలది చివరి పాదం. ఐదూ సూర్యగణాలు (ఒక్కోటి గురువు–లఘువు, లేదా మూడు లఘువులు), యతి కు–కు. కుట్టు వేస్తే కదా చొక్కా కుదిరేది, విప్పితే ఎలా కుదురుతుంది? ఆ చిక్కు విప్పాల్సింది మీరు. చొక్కా అనకుండా అంగి అన్నదెందుకంటే, చొక్కా చివర దీర్ఘం ఉంది, ఐదో గణంలో పట్టదు. ‘చొక్క’ అని కుదించడానికి నాకు మనసొప్పలేదు.

కొత్తవాళ్ల కోసం: 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (సూర్యగణాల కంటే పొడవైనవి), 2, 4 పాదాల్లో ఐదు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే అది పాదం మొదటి అక్షరంతో పలకాలి. ప్రాసయతి (వాటికి బదులు వాటి పక్కనున్న రెండో అక్షరాలు కలవడం) కూడా చెల్లుతుంది. గణాలు సరిపోతే చాలదు, చెప్పిన సంగతి మిషను మీద కూడా నిలబడాలి.

సూదిమొన:

ఎడమ చేతి చోట కుడిచేయి నతికితి
తిరుగబడ్డ ముడత తీరదయ్యె
విసుగు మాని మరల వెలుతురులో జూచి
కుట్టు విప్పగానె కుదిరె నంగి

పోయిన నెల మావారికి కుట్టిన చొక్కా సంగతే ఇది. రాత్రి పదకొండు దాటాక చేతులు ఎక్కించాను. తెల్లారి తొడిగించి చూస్తే భుజం ముందు భాగంలో వాలుగా ఒక ముడత. ఇస్త్రీ చేశాను, నీళ్లు చల్లి మళ్లీ చేశాను. పోలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూస్తే కుడిచేయి ఎడమవైపు ఉంది!

దారపుండ:

మొదటి పూరణకే ఇంత నిజం దొరకడం సంతోషం. ‘ఎడమ–కుడి’ ప్రాసయతి చక్కగా కుదిరింది, అర్థంలోనూ అవి రెండూ ఎదురెదురు. ‘తిరుగబడ్డ ముడత’ బాగుంది, కుట్టేవాళ్లకే తట్టే మాట. ఒక్క సవరణ చెప్తాను. ‘కుడిచేయి నతికితి’ అన్నచోట నకారం రాదు. కుడిచేయి అనేది ద్రుతాంతం (చివర నకారం చేరే మాట) కాదు కాబట్టి యడాగమంతో, అంటే మధ్యలో యకారం చేర్చి, ‘కుడిచేయి యతికితి’ అనాలి. గణం మారదు.

ఈ తప్పు ఎందుకు జరుగుతుందో కూడా చెప్పుకుందాం. చంక ముందువైపు ఎక్కువ లోతుగా, వెనకవైపు తక్కువ లోతుగా కోస్తాం. చేతి పైభాగం వంపు కూడా అలాగే ఉండాలి. రెండు చేతులూ తిరగేస్తే ముందు వంపు వెనక్కి పోయి, గుడ్డ ఎక్కడో ఒకచోట మిగిలి ముడత పడుతుంది. అందుకే ముందువైపు ఒక గాటు, వెనకవైపు రెండు గాట్లు పెట్టుకుంటారు. నిద్రమత్తులో ఉన్నా వేలికి తగులుతాయి.

గుండీ:

వేరే దారిలో ప్రయత్నించాను.

గాజు గుచ్చి చేతి గాయాన కుట్లాయె
తొడుగలేక యన్న తుండు గప్పె
వారమైన పిదప వైద్యుడా చేతికి
కుట్టు విప్పగానె కుదిరె నంగి

సూదిమొన:

కుట్టును బట్ట మీది నుంచి ఒంటి మీదికి తెచ్చారు, బాగుంది తమ్ముడూ. తుండు కప్పుకుని కూర్చున్న అన్న కళ్లముందు కనిపించాడు. కానీ పైన ‘కుట్లు’ అని, కింద ‘కుట్టు’ ఒక్కటే విప్పారు.

దారపుండ:

నిజమే, అయినా జాతిని చెప్పే ఏకవచనంగా సరిపెట్టుకోవచ్చు. నాకు ఇంకో చోట పట్టింది. చేతికి కుట్లు ఉన్నప్పుడు ఇబ్బంది తొడగడంలో ఉంటుంది, చొక్కా కొలతలో కాదు. ‘కుదిరె’ అనే మాటకు ‘వీలైంది’ అనే అర్థం తీసుకుంటేనే పూరణ నిలుస్తుంది. తెలుగులో ఆ అర్థం ఉంది కాబట్టి ఒప్పుకుంటున్నాను.

బొమ్మలక్క:

పాత చీర తోడ పాపకు బొమ్మను
చేయ, దానికంగి చిన్నదయ్యె
బొజ్జ దూది కొంత బొమ్మలో తగ్గింప
కుట్టు విప్పగానె కుదిరె నంగి

గుండీ:

అక్కా, ఇది అందరికంటే తెలివైన విరుపు! విప్పిన కుట్టు అంగిది కాదు, బొమ్మ పొట్టది. అంగిని ముట్టుకోకుండానే కుదిర్చేశారు.

దారపుండ:

నేనూ అదే చెప్పబోయాను. సమస్యలో ‘కుట్టు’ ఎవరిదో చెప్పలేదు, ఆ ఖాళీని మీరు పట్టుకున్నారు. బొమ్మలు చేసేవాళ్లందరికీ ఇది అనుభవమే. దూది కూరేటప్పుడు మెత్తగా ఉందనుకుని ఇంకా ఇంకా కూరుతాం, చివరికి బొమ్మ పీపాలా తయారవుతుంది.

కొత్తచేయి:

నమస్తే అండీ. పద్యం రాయడం, చొక్కా కుట్టడం రెండూ ఈ ఏడాదే మొదలుపెట్టాను. చాలా టెన్షన్‌గా ఉంది.

కాలరొకటి కుట్ట కట్టుగా రాలేదు
నిలువు పోగు మరచి కోయగాను
తప్పు తెలిసి నేను తలపట్టి కూర్చుండి
కుట్టు విప్పగానె కుదిరె నంగి

సూదిమొన:

గణాలన్నీ సరిపోయాయమ్మా, మొదటిసారికి ఇది చిన్న విషయం కాదు. రెండో పాదంలో మాత్రం యతి తప్పింది. ‘ని’కి ‘కో’ పలకదు. ‘నిలువు పోగు మరచి నేను కోయ’ అంటే ని–నే సరిపోతుంది.

పాతకత్తెర:

యతి దిద్దారు, సంతోషం. అసలు తప్పు అక్కడ లేదు. నిలువు పోగు, అంటే గుడ్డ పొడవునా పోయే దారం, మరిచిపోయి కోస్తే అది కోతలో తప్పు. గుడ్డ ఒకసారి వాలుగా తెగాక కుట్టు ఎన్నిసార్లు విప్పినా ఏం లాభం? ఉతికినప్పుడల్లా కాలరు ఒకవైపు లాగుతూనే ఉంటుంది. ఆ ముక్క పక్కనపెట్టి వేరే ముక్క కోసుకోవాల్సిందే. కుట్టులో తప్పయితే విప్పితే పోతుంది, కోతలో తప్పు పోదు. అందుకే నేను ఒక్క చొక్కా గుడ్డకు సుద్దతో గీసిన గీతలు మూడుసార్లు చూస్తాను. అమ్మాయీ, నీ కాలరుకు నిజంగా ఏమైంది? అది చెప్పు, పద్యం దానంతట అదే వస్తుంది.

కొత్తచేయి:

నిజం చెప్పాలంటే పోగు సరిగ్గానే చూశాను బాబాయిగారూ, పద్యంలో ఏదో ఒక కారణం ఉండాలని అలా రాశాను. అసలు జరిగింది వేరు. కాలరు తిరగేసి ఇస్త్రీ చేస్తే, అడుగున ఉండాల్సిన గుడ్డ అంచు పైకి సన్నగా కనిపిస్తోంది. పై గుడ్డ, అడుగు గుడ్డ ఒకే కొలతకు కోశాను.

పాతకత్తెర:

చూశావా, జవాబు నీ దగ్గరే ఉంది. అడుగు గుడ్డ రెండు మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. కుట్టేటప్పుడు రెండు అంచులూ కలిపి పట్టుకుంటే పై గుడ్డ కాస్త వదులుగా ఉండి, తిప్పినప్పుడు అంచు దానంతట అదే కిందికి ఒదుగుతుంది. కాన్వాసు (కాలరు బిగువుకు లోపల వేసే గట్టి గుడ్డ) అతికించింది పైగుడ్డకే కదా? అయితే విప్పు, అడుగు గుడ్డను ఆ కాస్త బయటికి లాగి పట్టి కుట్టు, మిగిలిన అంచు కత్తిరించు, తిప్పాక అది లోపలికి పోతుంది. మూలల దగ్గర కుట్టు బయట మిగిలిన మార్జిన్ కోసేయడం మరిచిపోకు, లేకపోతే మొన రాదు. ఇది కోత తప్పు కాదు, విప్పితే తీరుతుంది.

దారపుండ:

బాబాయిగారు చెప్పినదాన్ని పద్యంలోకి తెచ్చుకోమ్మా. మొదటి పాదం అలాగే ఉంచు.

కొత్తచేయి:

రెండు రోజులు పట్టింది. ఇదిగోండి:

కాలరొకటి కుట్ట కట్టుగా రాలేదు
అడుగు పొరయె మీద కగుపడంగ
లోని పొర నొకింత లోపలి కీడ్వంగ
కుట్టు విప్పగానె కుదిరె నంగి

సూదిమొన:

‘మీదకు + అగుపడంగ’ సంధిలో అకారానికి యతి చెల్లింది. ‘లోని–లోపలి’ చెవికి హాయిగా ఉంది. నాకైతే ఏ దోషమూ కనిపించలేదు. ‘ఈడ్వంగ’ లాంటి మాట కొత్తవాళ్ల చేతికి రావడం చూసి మురిసిపోయాను.

బొంతపిన్ని:

నేను కుట్టడం మొదలుపెట్టింది పాత బట్టలతో బొంతలు. చొక్కాలు తర్వాత వచ్చాయి. పిల్లలకు కుట్టేటప్పుడు మా అమ్మ ఎప్పుడూ పక్కకుట్ల లోపల ఎక్కువ గుడ్డ వదిలేది. అదే రాశాను.

పెరుగు పిల్లవాడు బిగువాయె నని యేడ్చె
అమ్మ దాచె లోన నంగుళంబు
ఏడు మారె, గుడ్డ యెదిగెను వానితో
కుట్టు విప్పగానె కుదిరె నంగి

పాతకత్తెర:

ఇంత సేపూ మనమందరం తప్పు దిద్దుకోవడానికే కుట్టు విప్పాం. ఈ తల్లి ముందే ఆలోచించి, విప్పడానికే కుట్టింది. ‘గుడ్డ యెదిగెను వానితో’ దగ్గర కాసేపు ఆగిపోయాను.

దారపుండ:

నేనూ ఆగిపోయాను. నిర్వాహకురాలిగా తూకం వేసి మాట్లాడాలి కానీ, ఈ వారం నా మనసులో మొదటి పూరణ ఇదే. పిన్నిగారూ, ఒక్క మాట అడగనా? విప్పిన తర్వాత ఆ అంగుళం మిగతా గుడ్డతో కలవదు కదా. బయట ఎండకూ ఉతుకులకూ వెలిసిపోయిన నీలం, లోపల దాగినది మొదటి రోజు నీలం. రెంటి మధ్య పాత సూది రంధ్రాల వరుస. ఆ గీత పద్యంలో లేదు. అది కూడా ఎక్కడైనా చోటు చేసుకుంటే బాగుండేది అనిపించింది.

బొంతపిన్ని:

మా తమ్ముడి చొక్కాకు ఆ గీత ఉండేది. బడికి వేసుకెళ్లనని మొండికేస్తే అమ్మ ఆ గీత మీద సన్నని గొలుసుకుట్టు వేసి ఇచ్చింది. అది ఇంకో పద్యానికి దాచుకున్నానమ్మా, నాలుగు పాదాల్లో పట్టలేదు.

దారపుండ:

తప్పకుండా రాయండి. నా వంతుగా ఒకటి, అసలు కుట్టు ఎలా విప్పాలో చెప్పేది:

రెండు దారములివి యుండగా కౌగిట
లాగబోక నేను లాఘవమున
నాల్గు పోట్ల కొకటి నయముగా త్రెంచుచు
కుట్టు విప్పగానె కుదిరె నంగి

మిషను కుట్టులో పైదారం, కిందిదారం గుడ్డ మధ్యలో ఒకదాన్నొకటి చుట్టుకుని ఉంటాయి. 1846లో ఎలియాస్ హోవ్ పేటెంటు తీసుకున్న మిషను వేసింది ఈ రకం లాక్‌స్టిచ్చే. అందుకే ఒక కొస పట్టుకుని లాగితే ఊడదు, గుడ్డే చిరుగుతుంది. ఒకవైపు నాలుగు పోట్లకు ఒకటి చొప్పున తెంచి, రెండోవైపు దారం లాగితే బారుగా వచ్చేస్తుంది. ఆ తర్వాత రంధ్రాల మీద గోటితో అటూ ఇటూ రుద్ది, తడి గుడ్డ వేసి ఇస్త్రీ చేస్తే నూలు గుడ్డ చాలావరకు మూసుకుంటుంది. రెక్సిన్ సంచులు కుట్టేవాళ్లు మాత్రం జాగ్రత్త, దాని మీద పడిన రంధ్రం అలాగే ఉండిపోతుంది.

బొమ్మలక్క:

క్రోషే వాళ్లకు ఈ బాధ లేదు, ఒక్క కొస లాగితే పదివరసలు జలజలా వచ్చేస్తాయి. ప్రాసయతి ‘రెండు–యుండ’ బాగుంది. చొక్కా విషయంలో మాత్రం ఇంకో సలహా. ఎక్కించేది చేయి గానీ కాలరు గానీ, ముందు నాలుగైదు మిల్లీమీటర్ల పొడుగు పోట్లతో కచ్చాకుట్టు వేసి తొడిగి చూసుకోండి. అది విప్పడానికి ఒక్క నిమిషం చాలు. సరిపోయాక రెండున్నర మిల్లీమీటర్ల కుట్టు వేసుకోవచ్చు.

కొత్తచేయి:

కాలరు విప్పి మళ్లీ కుట్టానండీ. ఎడమ మొన కాస్త గుండ్రంగా వచ్చింది, కుడిది సూదిలా వచ్చింది. అడుగు అంచు ఇప్పుడు కనిపించడం లేదు.

పాతకత్తెర:

ఎడమవైపు మార్జిన్ తక్కువ కోసి ఉంటావు. మొన దగ్గర ఒక్క అడ్డపోటు వేసి తిప్పు, అదీ సరిపోతుంది.

దారపుండ:

వచ్చే వారానికి పాదం ఇస్తున్నాను. రఫూ పని వచ్చినవాళ్లు ముందుకు రండి:

చిల్లు పడిన గుడ్డ చేవ దేరె