బోర్డ్‌వెల్‌ని ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి? ఆయన షాట్ల లెక్క తెలుగు సినిమాకి పనికొస్తుందా?

నేలటికెట్టు:
పీజీ డిసర్టేషన్ కోసం 1990ల నాటి, 2010ల నాటి తెలుగు కమర్షియల్ సినిమాల ఎడిటింగ్ పోల్చాలి. గైడ్ గారు అమెరికా సినిమా పండితుడు డేవిడ్ బోర్డ్‌వెల్‌ని చదవమన్నారు. చూస్తే పుస్తకాలు కుప్పలుగా ఉన్నాయి. ఏది ముందు, ఏది తర్వాత? ఆయన చెప్పే 'సగటు షాట్ నిడివి' (ఒక కట్ నుంచి మరో కట్ దాకా సగటున ఎన్ని సెకన్లు) మన సినిమాకి ఎలా లెక్కకట్టాలి? పాటలున్నాయి కదా, అదే పెద్ద చిక్కు.

మూవియోలా:
నేలటికెట్టు గారూ, ఆయన ఎక్కడ కూర్చుని పనిచేశారో తెలిస్తే పుస్తకాల వరస దానంతటదే తెలుస్తుంది. 1947లో పుట్టారు, అయోవా యూనివర్సిటీలో పీహెచ్‌డీ, 1973 నుంచి 2004 దాకా విస్కాన్సిన్–మాడిసన్‌లో పాఠాలు. వార్నర్, ఆర్‌కేఓ, మోనోగ్రామ్ కంపెనీల పాత ప్రింట్లు ఆ యూనివర్సిటీ ఆర్కైవ్‌లోనే ఉన్నాయి. ఎడిటింగ్ టేబుల్ మీద రీలు ఆపి ఆపి చూసే అలవాటుకి ఆ ప్రింట్లే ఆధారం. 2024 ఫిబ్రవరి 29న పోయారు.

మొదట 'ఫిల్మ్ ఆర్ట్'. 1979లో క్రిస్టిన్ థాంప్సన్‌తో కలిసి రాసిన పాఠ్యపుస్తకం. పాత ఎడిషన్ దొరికినా చాలు, ఎడిటింగ్ అధ్యాయం వదలొద్దు. తర్వాత నేరుగా 2006 నాటి 'ద వే హాలీవుడ్ టెల్స్ ఇట్' రెండో భాగానికి వెళ్లండి, మీ పనికి అసలు సరుకు అక్కడుంది. 1930 నుంచి 1960 దాకా చాలా హాలీవుడ్ సినిమాల్లో సగటు షాట్ 8–11 సెకన్లుంటే, 1990ల చివరికి 3–6కి దిగింది. కానీ కోత వేగం ఒక్కటే కాదు. లెన్సులు మరీ వైడ్ (ఎక్కువ మేర పట్టేవి) లేదా మరీ టెలీ (దూరంవి దగ్గరగా చూపేవి) కావడం, మాటల సీన్లలో ముఖాలు దగ్గరికి రావడం, కెమెరా ఊరికే కదులుతుండటం, ఇవన్నీ కలిపి ఆయన ఒకే మార్పుగా చూస్తారు. పైగా ఇది పాత పద్ధతి కూలిపోవడం కాదు, అదే పద్ధతి ముదరడం అంటారు. ఈ ముక్క వదిలేసి సెకన్లు మాత్రమే పట్టుకున్న డిసర్టేషన్లే ఎక్కువ.

1985లో జానెట్ స్టైగర్, థాంప్సన్‌లతో రాసిన 'ద క్లాసికల్ హాలీవుడ్ సినిమా' బరువైన గ్రంథం. మొత్తం చదవక్కర్లేదు గానీ, సినిమాల్ని ఎంచుకున్న తీరు మాత్రం చూడండి. 1915–1960 మధ్య వచ్చిన సినిమాల జాబితాలోంచి యాదృచ్ఛిక సంఖ్యల పట్టికతో తీసి, వాటిలో ప్రింట్లు దొరికిన 100 సినిమాలు చూశారు. అంటే గొప్ప సినిమాలు కాదు, మామూలువి. మీరు సూపర్‌హిట్లే ఏరుకుంటే ఆ కాలపు అలవాటు తెలియదు, హిట్ల అలవాటే తెలుస్తుంది.

మూడోవరుస:
నేనైతే 'ప్లానెట్ హాంకాంగ్' ముందు పెడతాను. 2000లో వచ్చింది, 2011లో పెంచి పీడీఎఫ్‌గా ఇచ్చారు. ప్రేక్షకుడు లేచి వెళ్లకుండా రీలు రీలుకీ ఏదో ఒకటి పేర్చడం, కామెడీ పక్కనే ఏడుపు, ఫైట్‌లో కాస్త ఆగి దెబ్బ, మళ్లీ ఆగడం... మన సినిమా చూసేవాళ్లకి హాలీవుడ్ కంటే ఇది దగ్గర. జపాన్ దర్శకుడు ఓజు మీద బోర్డ్‌వెల్ రాసిన 1988 నాటి పుస్తకం కూడా మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు ఉచితంగా పెట్టారు.

ఒక హెచ్చరిక. బోర్డ్‌వెల్ దగ్గర అభిమాన సంఘం, కులం, రాజకీయం దొరకవు. ఆయన అడిగేది 'ఈ దర్శకుడి ముందు ఏ దారులున్నాయి, ఏది ఎంచుకున్నాడు' అని. తెలుగు సినిమాలో ఆ అభిమాన సంఘాలు, రాజకీయం కూడా కావాలంటే ఎస్.వి. శ్రీనివాస్ 'మెగాస్టార్' (2009), 'పాలిటిక్స్ యాజ్ పెర్ఫార్మెన్స్' (2013) పక్కన పెట్టుకోండి. అలాగే 'క్లాసికల్' అన్న మాట మీద సినిమా పండితురాలు మిరియమ్ హాన్సెన్ 1999లో లేవనెత్తిన అభ్యంతరం కూడా చూడండి. హాలీవుడ్ ప్రపంచమంతా ఆడింది కాలంతో సంబంధం లేని కథన సూత్రాల బలంతో కాదు, ఆధునిక జీవితపు అనుభవాన్ని జనానికి అందే భాషలో చూపించింది కాబట్టి అన్నది ఆవిడ వాదన. వైవాలో ఇది అడగకపోతే ఆశ్చర్యమే.

ఫిల్మ్‌డబ్బా:
లెక్క సంగతి నేను చెప్తాను. సూత్రం చిన్నదే: సెకన్లు భాగించు షాట్లు. తప్పులన్నీ సెకన్ల దగ్గరే దొర్లుతాయి.

ముందు సెన్సార్ సర్టిఫికెట్, పొగాకు ప్రకటనలు, కంపెనీ లోగోలు, ఇంటర్వెల్ కార్డు, చివరి టైటిళ్లు తీసేయండి. టీవీ రికార్డింగ్ వాడొద్దు, సీన్లు ఎగిరిపోయి ఉంటాయి. పాల్ (PAL, సెకనుకి 25 ఫ్రేముల టీవీ ప్రమాణం) పద్ధతి డీవీడీ అయితే 24 ఫ్రేముల సినిమా 25తో పరిగెడుతుంది. 150 నిమిషాలది 144కే అయిపోతుంది, 5 సెకన్ల సగటు 4.8గా కనిపిస్తుంది. 1990ల సినిమా డీవీడీలో, 2010లది స్ట్రీమింగ్‌లో చూసి పోలిస్తే ఈ నాలుగు శాతం మీ ఫలితంలో దూరిపోతుంది.

పాటలు విడిగా. ఊహకి ఒక లెక్క: పైన తీసేసినవి పోగా 9,240 సెకన్లు, 1,900 షాట్లు. సగటు 4.9. అందులో పాటలు 1,350 సెకన్లు, 600 షాట్లు అనుకోండి, అక్కడ 2.25. మిగతా 7,890 సెకన్లకి 1,300 షాట్లు, అంటే 6.1. ఆ 4.9 ఇటు పాటదీ కాదు, అటు సీనుదీ కాదు. ఫైట్లకీ మూడో పద్దు తెరవండి.

సగటుతో పాటు మధ్యగతం (మీడియన్, నిడివి వరసలో పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చే షాట్ నిడివి) కూడా ఇవ్వండి. రెండు నిమిషాల షాట్ ఒక్కటున్నా సగటు పైకి లాగేస్తుంది, మధ్యగతం అంతగా కదలదు. అందుకు ప్రతి షాట్ నిడివీ విడివిడిగా రాసుకోవాలి, మొత్తం సంఖ్య చాలదు. యూరీ సివియన్ మొదలుపెట్టిన సినీమెట్రిక్స్ పనిముట్టు చేసేది అదే: కట్ పడినప్పుడల్లా నొక్కడమే. ఫైట్లలో చెయ్యి వెనకబడుతుంది, వేగం సగానికి తగ్గించండి. కట్‌లని తనంతట తాను పట్టే సాఫ్ట్‌వేర్‌ని పూర్తిగా నమ్మకండి. మెరుపు, ఫ్లాష్ లైటు వస్తే కట్ అనుకుంటుంది, డిజాల్వ్ (ఒక బొమ్మ కరుగుతూ ఇంకోటి తేలడం) వస్తే చూడదు.

నేలటికెట్టు:
డిజాల్వ్‌ని ఎక్కడ విడదీయాలి? స్పీడ్ ర్యాంప్ (షాట్ మధ్యలోనే వేగం మారడం), స్ప్లిట్ స్క్రీన్ (తెరని విడదీసి ఒకేసారి వేర్వేరు బొమ్మలు చూపడం) సంగతి?

ఫిల్మ్‌డబ్బా:
డిజాల్వ్ సగం దగ్గర, రెండు బొమ్మలూ సమంగా కనిపించే చోట. వీఎల్‌సీ ప్లేయర్‌లో 'ఇ' (E) నొక్కితే ఒక్కో ఫ్రేమే కదులుతుంది. స్పీడ్ ర్యాంప్ కట్ కాదు. స్ప్లిట్ స్క్రీన్‌కి ఏదో ఒక నియమం పెట్టుకుని అన్ని సినిమాలకీ అదే వాడండి, ఆ నియమం మొదటి అధ్యాయంలోనే రాయండి.

మూవియోలా:
ఇంకొకటి. బొమ్మలు పెట్టేటప్పుడు పబ్లిసిటీ స్టిల్ వద్దు. స్టిల్ ఫొటోగ్రాఫర్ తన కెమెరాతో పక్కనుంచి తీసింది అది, సినిమాలో ఆ ఫ్రేమే ఉండదు. బోర్డ్‌వెల్, థాంప్సన్ ప్రింటులోంచే ఫ్రేములు ఫొటో తీసి వేసేవాళ్లు. మీరు స్క్రీన్‌షాట్ తీయండి, కింద సమయం గంట:నిమిషం:సెకనులో రాయండి. అయితే ప్రింటు అంచులు కోసి పదహారు–తొమ్మిది (16:9) టీవీ తెర కొలతకి నింపిన కాపీ కాదని ముందు చూసుకోండి. సినిమాస్కోప్ బొమ్మలో పక్కలు పోతే క్లోజప్ ఎంత దగ్గరో చెప్పడం కుదరదు.